రెండు విదిలింపులు

కొత్తమ్మాయి చెవి తీగని ఒక్క చెవిలోనే పెట్టుకుంటుందని ముందుగా కనిపెట్టింది మేస్త్రీ. పాటలు వినేవాళ్లు రెండు చెవుల్లోనూ దూర్చుకుంటారు. ఒక చెవి ఖాళీగా వదిలారంటే ఆ చెవితో వేరే పనేదో ఉందన్నమాట. ఆ పనేమిటో తేలేదాకా అతనికి తిన్నది ఒంటబట్టదు.

అది ఆస్పత్రి లాండ్రీ. నేలమట్టానికి కింద, కిటికీల్లేని పొడవాటి గది. పై వార్డుల్లోంచి మాసిన గుడ్డల మూటలు గోడలోని గొట్టం గుండా జారి దబ్బున పడతాయి. పొడుగు అనే అతను వాటిని విప్పి ఉతికే డ్రమ్ముల్లో వేస్తాడు. మనిషి నిజంగానే పొడుగు, తలుపు దాటేటప్పుడల్లా మెడ వంచుతాడు. ఉతికి పిండిన దుప్పట్లను రోలరు మిషను కిందికి ఎక్కిస్తే అవతలి నుంచి పొగలు కక్కుతూ, అప్పడాల్లా చదునుగా వస్తాయి. వాటిని మడతపెట్టేది ఆడవాళ్లు, జతలు జతలుగా.

మడతంటే మాటలు కాదు. ఇద్దరూ చెరో కొసనా రెండు మూలలు పట్టుకోవాలి. ఒక్కసారి గట్టిగా విదిలించాలి. ఎదురెదురుగా నడిచి అంచుకు అంచు కలపాలి. ఒకరు వదిలితే ఇంకొకరు అందుకోవాలి. మళ్లీ విడిపోవాలి, మళ్లీ కలవాలి. మాట్లాడుకోవడం ఆ కలిసిన క్షణంలోనే కుదురుతుంది, రోలరు రొదలో దూరం నుంచి ఏదీ వినపడదు. అందుకని ఆ గదిలో ఏ కబురూ ఒక్క మడతలో పూర్తికాదు. "మా ఆడపడుచు వచ్చింది" అనేది ఒక మడత. "వచ్చి ఊరుకుందా" అనేది ఇంకో మడత. ఊరుకోలేదన్న సంగతి తెలిసేసరికి దుప్పటి చేతిలో పుస్తకమంత అవుతుంది.

ఎవరు ఎవరితో జతో మేస్త్రీ చెప్పాలి. అది అతని అధికారం. అతను పెట్టిన గుర్తు మరొకటుంది. దుప్పటిని ఒక్కసారి విదిలిస్తే పని. వెంటవెంటనే రెండుసార్లు విదిలిస్తే మేనేజరు మెట్లు దిగుతున్నాడని. రెండో చప్పుడు వినపడగానే గదిలో మాటలన్నీ ఆగిపోతాయి. పెద్దమ్మ చేతిలోది వదిలేసి దిండు గలీబుల అరల దగ్గరకి వెళ్లిపోతుంది, అక్కడ ఎడమచేత్తో సర్దుతూ నిలబడుతుంది.

పెద్దమ్మ కుడిచేతికి పట్టు తప్పింది. వేళ్లు ముడుచుకుంటాయి కానీ బిగియవు. తడి దుప్పటి మూల ఆ వేళ్లలోంచి చేపలా జారిపోతుంది. ఇంట్లో మొగుడు మంచాన ఉన్నాడు. ఈ పని పోతే ఆ పొయ్యి వెలగదు. అందుకే మేస్త్రీ ఆమెను రేడియోకి జతచేశాడు. రేడియో అంటే పనావిడే. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు గనక ఆ పేరు. ఆమె చేతులు మాత్రం ఇద్దరి పెట్టు. పెద్దమ్మ మోచేత్తో దుప్పటిని అదిమిపట్టి నిలబడితే చాలు, మిగతాదంతా రేడియో లాగించేస్తుంది. దూరం నుంచి చూసేవాళ్లకి ఇద్దరూ మడతపెడుతున్నట్టే ఉంటుంది. దగ్గరకొచ్చి చూసేవాళ్లకే అనుమానం రావాలి.

కొత్తమ్మాయి దగ్గరకొచ్చి చూస్తోంది.

"ఆ పిల్ల నన్నేమడిగిందో తెలుసా మేస్త్రీ," అంది రేడియో, మడతల దొంతరని గడ్డంతో అదుముకుని బండిలోకి సర్దుతూ. "నువ్వూ పెద్దమ్మా ఎప్పుడూ జతేనా, మారరా అని."

"నువ్వేం చెప్పావు?"

"మా ఇద్దరి జాతకాలూ కలిశాయని చెప్పా."

పెద్దమ్మ నవ్వింది. మేస్త్రీ నవ్వలేదు.

"ఇంకేమడిగింది?"

"టీ తాగేటప్పుడు పొడుగు ఒక్కడే డ్రమ్ముల దగ్గరెందుకు కూర్చుంటాడు అని. నిన్ను ఎవరైనా పేరు పెట్టి పిలుస్తారా అని."

"నా సంగతి దానికెందుకు?"

"నాకేం తెలుసు? అడిగింది, చెప్పా."

మేస్త్రీ గది అవతలికి చూశాడు. కొత్తమ్మాయి రోలరు నోటి దగ్గర నిలబడి, వేడి గుడ్డ కొసల్ని అందుకుంటోంది. పనిలో వంక పెట్టడానికి లేదు. చేతులు చకచకా ఆడుతున్నాయి. కళ్లు మాత్రం చేతుల మీద లేవు. గదంతా మెల్లగా, ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఆగి తిరుగుతున్నాయి. ఎడమ చెవిలో తీగ. కుడి చెవి ఖాళీ.

మధ్యాహ్నం ఉతికిన గుడ్డల బండిని పైకి చేర్చేది మేస్త్రీ. బండితో లిఫ్టులో వెళ్లి, స్టోరులో అప్పజెప్పి, పక్కనే ఉన్న మేనేజరు గదిలో కాసేపు కూర్చుంటాడు. ఇది ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. ఒకనాడు మేనేజరు "కూర్చోవయ్యా, టీ తాగి వెళ్దువుగాని" అన్నాడు. ఆ తర్వాత అనకపోయినా కూర్చోవడం అలవాటైంది. మేనేజరు ఫ్లాస్కులోంచి రెండు కప్పుల్లో టీ పోస్తాడు. చక్కెర తక్కువని మేస్త్రీ ఎప్పుడూ చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో అతనికి టీ పెట్టిచ్చే మనిషి పోయాక, తను నాలుగు మాటలు అంటే ఇంకొకరు తలూపుతూ వినే చోటు ఈ గది ఒక్కటే.

"మీ కింద గుడ్డలు చిరగడం తగ్గిందయ్యా," అన్నాడు మేనేజరు. "ఏం మంత్రం వేశావు?"

"మంత్రమేముంది సార్. జతలు చూసి వెయ్యాలి. గట్టి చేతికి మెత్తని చెయ్యి కలపాలి. రెండు గట్టి చేతులు కలిస్తే గుడ్డ చిరుగుతుంది. రెండు మెత్తనివి కలిస్తే మడత కుదరదు."

"గట్టి చెయ్యి ఎవరిది?"

"రేడియోది సార్. ఇంకెవరిది?"

"రేడియో ఎవరు?"

మేస్త్రీ నవ్వి చెప్పాడు. మేనేజరు కూడా నవ్వాడు. ఆ నవ్వుతో మేస్త్రీకి హుషారొచ్చింది. రేడియోకి ఎలాంటి మనిషినిచ్చినా లాక్కుపోతుందనీ, ఆ సూక్ష్మం కనిపెట్టడానికి తనకు చాలాకాలం పట్టిందనీ, రోలరు దగ్గర మాత్రం వయసు మళ్లినవాళ్లని నిలబెట్టననీ చెప్పుకొచ్చాడు.

"అందుకేనా ఆ పెద్దావిడ రోలరు దగ్గర కనపడదు?"

"అందుకే సార్. మనిషిని బట్టి పని."

మేనేజరు తలూపాడు. చెంచాతో కప్పులో చాలాసేపు తిప్పాడు. మేస్త్రీ టీ పూర్తిచేసి, ఇక లేవబోతూ అసలు సంగతి కదిపాడు.

"ఆ కొత్తమ్మాయిని ఎవరు పంపారు సార్?"

"ఏం?"

"ఊరికే. చదువుకున్న పిల్లలా ఉంది. మా కిందికి ఎందుకొచ్చిందా అని."

"నువ్వే చూసుకోవయ్యా. నీకు తెలియకుండా కింద ఏం జరుగుతుంది?" అని మేనేజరు కాగితాల్లో తల దూర్చేశాడు.

సూటిగా చెప్పలేదు. సూటిగా చెప్పలేదంటే చెప్పడానికేదో ఉంది. దిగేటప్పుడు లిఫ్టులో మేస్త్రీ ఆ మాటనే నాలిక మీద పెట్టుకుని చప్పరించాడు. పైవాళ్లు ఆ పిల్లని ఊరికే పంపలేదు.

మర్నాడు పొద్దున మేనేజరు మెట్ల మీదుగా రాలేదు. బండి లిఫ్టులో దిగాడు. అందుకని ఎవరూ రెండుసార్లు విదిలించలేదు. లిఫ్టు తలుపు తెరుచుకునే చప్పుడు రోలరు రొదలో కలిసిపోయింది. అతను రేడియో వెనక వచ్చి నిలబడేదాకా ఆమె మాట్లాడుతూనే ఉంది. పెద్దమ్మ ఎదురుగా ఉంది గనక ముందు చూసింది. మోచేయి దుప్పటి మీదే ఉండిపోయింది.

"ఏమ్మా పెద్దమ్మా, బాగున్నావా?"

"బాగున్నా బాబూ."

"ఓసారి రోలరు దగ్గరకి రా."

"నేను మడతల్లో ఉంటాను బాబూ."

"తెలుసమ్మా. రేడియోతో కదా. ఒక్క దుప్పటి ఎక్కించు, చూసి వెళ్లిపోతాను."

గొంతులో కోపం లేదు. పలకరింపులాగే ఉంది. పొడుగు డ్రమ్ము మూత తెరిచి అలాగే నిలబడ్డాడు. మేస్త్రీ ముందుకొచ్చి "సార్, నేను ఎక్కిస్తా" అన్నాడు. మేనేజరు చెయ్యి కాస్త పైకెత్తాడు, అంతే. మేస్త్రీ ఆగిపోయాడు.

పెద్దమ్మ తడి దుప్పట్ల బుట్ట దగ్గరకి నడిచింది. పైనున్నదాన్ని ఎడమచేత్తో లాగి భుజాన వేసుకుంది. ఒక మూల ఎడమచేత్తో రోలరు అంచుకి తాకించింది. రెండో మూలని కుడిచేతి వేళ్ల మధ్య ఇరికించి ఎత్తింది. సగం దాకా లేచింది. తర్వాత మెల్లగా జారిపోయింది. ఆమె ఒంగి మళ్లీ తీసింది. మళ్లీ జారింది. మూడోసారి పళ్లతో పట్టుకోబోయింది.

"చాలమ్మా," అన్నాడు మేనేజరు. "మిషను దగ్గర చెయ్యి వణికితే ప్రమాదం. రేపేదైనా జరిగితే ఆస్పత్రికి మాట వస్తుంది. శనివారం దాకా ఉండు. ఆ తర్వాత ఇంటిపట్టున విశ్రాంతి తీసుకో."

"నేను మిషను దగ్గరకి రాను బాబూ. మడతలే..."

"మడతలు పెట్టేది నువ్వు కాదు కదమ్మా."

అతను మెట్లెక్కి వెళ్లిపోయాడు. పెద్దమ్మ కింద పడ్డ దుప్పటిని తీసి, నేల తగిలింది గనక మళ్లీ ఉతుక్కి వెయ్యాలని పొడుగు చేతికిచ్చింది. ఎప్పుడూ చేసే పనిలాగే చేసింది. ఆ తర్వాత వెళ్లి గలీబుల దగ్గర అటు తిరిగి నిలబడింది.

అందరూ ఒకేసారి కొత్తమ్మాయి వైపు చూశారు. ముందు ఎవరు చూశారో చెప్పడం కష్టం. మేస్త్రీయే అయుండాలి.

"దానితో ఎవరూ మాట్లాడొద్దు," అన్నాడు టీ వేళకి. కొత్తమ్మాయికి వినపడాలనే గట్టిగా అన్నాడు. "దానికి జత లేదు."

జత లేకుండా దుప్పటి మడవడం అయ్యే పని కాదు. కానీ పని ఆగితే కూలి ఆగుతుంది. కొత్తమ్మాయి కాసేపు గది మధ్యలో నిలబడింది, వేడి దుప్పటిని చేతుల్లో పొదువుకుని. తర్వాత అటూ ఇటూ చూసింది. గోడకి ఒకప్పుడు గడియారం వేలాడిన మేకు ఉంది. దుప్పటి మూలలు రెండూ కలిపి ఆ మేకుకి తగిలించి, వెనక్కి వెనక్కి నడిచి, బిగలాగి విదిలించింది. మేకు నుంచి మూలలు జారిపడ్డాయి. మళ్లీ తగిలించింది.

అలా రెండు రోజులు గడిచాయి. ఆమె మడతలు వంకరగా వచ్చేవి. మేస్త్రీ వాటిని విప్పదీసి ఆమె కాళ్ల దగ్గర పడేసేవాడు. "రోగి పడుకునే గుడ్డమ్మా ఇది, అంట్లు తోముకునే పీలిక కాదు," అనేవాడు. ఆమె తీసుకుని మేకు దగ్గరకి వెళ్లేది. ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. అది అతనికి ఇంకా అనుమానంగా తోచింది. తప్పు చెయ్యనిది తిరగబడుతుంది, తప్పు చేసింది ఏడుస్తుంది. ఈ పిల్ల రెండూ చెయ్యకుండా చూస్తోంది. తనని వెలేస్తున్నవాళ్లని కూడా అలాగే, ఆగి ఆగి చూస్తోంది.

శుక్రవారం మధ్యాహ్నం అతను బండితో పైకి వెళ్లి వచ్చాడు. ఆ రోజూ టీ తాగాడు. పెద్దమ్మ గురించి అడగాలనుకున్నాడు, అడగలేదు. దిగి వచ్చేసరికి కొత్తమ్మాయి మేకు దగ్గర తనలో తను నవ్వుకుంటోంది. తీగ చెవిలోనే ఉంది. మేస్త్రీకి ఒళ్లు మండింది. గబగబా వెళ్లి ఆ తీగని ఆమె చెవిలోంచి లాగి తన చెవికి ఆనించుకున్నాడు. ఎవరో ముసలాయన గొంతు, ఎండిపోయిన గొంతు, ఆగి ఆగి చెబుతోంది: "సమూహం అంటే కేవలం మనుషుల గుంపు కాదు. రైలు కోసం నిలబడ్డవాళ్లు గుంపు. ఒకరి గురించి ఒకరు పట్టించుకునేవాళ్లు సమూహం. మీ మాస్టారికి దగ్గు వచ్చింది, క్షమించాలి."

మేస్త్రీ ఆ తీగని చెవికి దూరంగా పట్టుకుని చూశాడు, అది తనని కరిచినట్టు.

"పాఠం మేస్త్రీ గారూ," అంది కొత్తమ్మాయి. "దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నా. సోషియాలజీ. మొదటి సంవత్సరమే. కాలేజీకి వెళ్లే వీలు లేదు, అందుకని పని చేస్తూ వింటా. మాస్టారు పాఠం మధ్యలో దగ్గుతారు, నవ్వొస్తుంది."

"సోషలా?" అంది రేడియో, దూరం నుంచే. మూడు రోజుల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట. "బళ్లో మేమందరం తప్పిన సోషలేనా? దానికి డిగ్రీ కూడానా?"

"అది వేరండీ. మనుషులు కలిసి ఎలా బతుకుతారో చెబుతుంది."

"చదివితే గానీ తెలియదా అది?" అన్నాడు మేస్త్రీ.

"తెలుసనే అనుకుంటాం కదండీ."

ఆ సమాధానం అతనికి నచ్చలేదు. "పాఠమైతే చెవితో వినాలి. మా మీద కళ్లెందుకు?"

కొత్తమ్మాయి తడబడింది. అతను చూసిన మొదటి తడబాటు అదే. "ఒక పని రాసివ్వమన్నారు. పది మంది లోపు కలిసి పనిచేసే చోటు చూసుకుని, ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఏ మాట ఎటు నుంచి ఎటు వెళ్తుంది, అది గమనించి రాయాలి. నాకు తెలిసిన చోటు ఇదే. అడగాల్సింది. అడిగితే అందరూ సర్దుకుని మాట్లాడతారని ఊరుకున్నా. అది నా తప్పే."

"విన్నారా," అన్నాడు మేస్త్రీ గది వైపు తిరిగి. అతని గొంతులో తృప్తి ఉంది. "రోలరు ఆపరా పొడుగూ. అందరూ రండి. మాట ఎటు నుంచి ఎటు వెళ్తుందో గమనించిందట. ఆ చదువేదో మనకీ చెబుతుంది."

రోలరు ఆగితే ఆ గది వేరే గదిలా ఉంటుంది. డ్రమ్ములోంచి నీళ్లు కారే చప్పుడు కూడా వినపడుతుంది. మడతల బల్ల చుట్టూ నిలబడ్డారు. పెద్దమ్మ కూడా వచ్చి, స్టూలు మీద కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లో పెట్టుకుంది.

"మేనేజరు నోట మొన్న రేడియో అన్న మాట వచ్చింది," అన్నాడు మేస్త్రీ. "అందరూ విన్నారు. ఆ పేరు ఈ గది గడప దాటి ఎరగదు. పైకి ఎవరు మోశారు? నువ్వు చూశానంటున్నావు కదా. చూపించు."

"ఎవరు చెప్పారో నాకు తెలియదు మేస్త్రీ గారూ. మాటలు వినలేదు. ఎవరు ఎవరి దగ్గరకి వెళ్తారో మాత్రమే చూశా."

"అదే చూపించు."

బల్ల చివర ఒక రేకు డబ్బా ఉంది. రోగుల చొక్కాల నుంచి డ్రమ్ములో ఊడిపోయిన గుండీలు అందులో పడేస్తారు. కొత్తమ్మాయి దాన్ని బోర్లించి, కొన్ని ఏరుకుంది. దుప్పటి అంచుల నుంచి ఊడొచ్చిన దారప్పోగులు బల్ల కింద కావలసినన్ని ఉన్నాయి.

"ఈ ఎర్రది రేడియో అక్క," అని బల్ల మీద పెట్టింది.

"నాకు ఎర్రదెందుకు?"

"ఎక్కడున్నా కనపడుతుందని."

పొడుగు పళ్లు బయటపెట్టాడు. కొత్తమ్మాయి అతనికి ఒక గుండీ, పెద్దమ్మకి ఒకటి, మిగతా ఆడవాళ్లకి తలా ఒకటి, తనకి అంచు విరిగినదొకటి పెట్టింది. మధ్యలో నల్లటి పెద్ద గుండీ. అది మేస్త్రీ. తర్వాత దారాలు పరిచింది. రేడియో నుంచి అందరికీ దారాలు వెళ్లాయి, అందరి నుంచీ రేడియోకి వచ్చాయి. "అక్క చాలా మాట్లాడుతుంది. కానీ ఆ మాటలన్నీ ఇక్కడే తిరిగి ఇక్కడే ఆగిపోతాయి. బయటికి ఒక్క దారం లేదు."

"చూశారా, ఇన్నాళ్లూ నన్ను ఆడిపోసుకున్నారు," అంది రేడియో. ఆమె మొహం వెలిగింది.

పొడుగు నుంచి మేస్త్రీకి ఒక్క దారం. పెద్దమ్మ నుంచి రేడియోకి, మేస్త్రీకి. చివరికి చూస్తే ప్రతి గుండీ నుంచీ నల్ల గుండీకి ఒక దారం ఉంది. ఎవరికి సెలవు కావాలన్నా, ఎవరికి జ్వరమన్నా, ఎవరి చెయ్యి పట్టు తప్పినా అతనికే చెప్పుకుంటారు. మేస్త్రీ ఆ బల్ల వైపు చూస్తుంటే అతనికి తెలియకుండానే వెన్ను నిటారైంది.

"మరి పైవాడేడీ?" అన్నాడు. తనే డబ్బాలోంచి ఒక ఇత్తడి గుండీ ఏరి, బల్ల అంచున టక్కున పెట్టాడు. "ఇదిగో మేనేజరు. నీ దారం దీనికి కట్టు."

"చేరిన రోజు తప్ప నేను ఆయన గదికి వెళ్లలేదు." కొత్తమ్మాయి చేతిలో ఒక దారం మిగిలింది. అందరి వైపూ చూసింది. అడిగే చూపే, నిందించే చూపు కాదు. "మీలో ఎవరైనా వెళ్తారా?"

"నన్నా? ఆ మెట్లు ఎక్కితే నా మోకాళ్లు నాతో మాట్లాడవు," అంది పెద్దమ్మ.

పొడుగూ, మిగతా ఆడవాళ్లూ తల అడ్డంగా ఊపారు. రేడియో "నాకేం పని" అంది.

డ్రమ్ములో నీళ్లు కారుతున్నాయి. దారం కొత్తమ్మాయి వేళ్ల మధ్య అలాగే ఉంది. దాన్ని ఎక్కడా పెట్టలేదు. పెట్టే ఉద్దేశం కూడా ఆమెకి ఉన్నట్టు లేదు. మేస్త్రీ ఇత్తడి గుండీ వైపు చూశాడు, తర్వాత మధ్యలో ఉన్న నల్లదాని వైపు చూశాడు.

పెద్దమ్మ మెత్తగా అడిగింది.

"పైకెళ్లి టీ తాగుతూ ఏం మాట్లాడుకుంటారురా అబ్బాయ్?"

"ఏముంటాయి పెద్దమ్మా. గుడ్డల సంగతులు."

"గుడ్డల సంగతులంటే?"

"చిరగడం తగ్గిందంటే... జతల వల్లేనని చెప్పా."

"నా పేరు చెప్పావా?" అంది రేడియో.

"మంచిగానే చెప్పాను. నీ చెయ్యి గట్టిదని చెప్పాను. ఎవరినిచ్చినా లాక్కుపోతావని..."

అక్కడ ఆగాడు. తను అన్న మాట తనకే వినపడింది, రోలరు ఆగి ఉంది గనక స్పష్టంగా. పెద్దమ్మ ఒళ్లో ఉన్న కుడిచేతి వైపు చూశాడు.

పెద్దమ్మ లేచింది. "రోలరు వెయ్యరా పొడుగూ. సాయంత్రంలోగా రెండు బండ్లు వెళ్లాలి," అంది.

కొత్తమ్మాయి గుండీలన్నీ డబ్బాలోకి ఊడ్చేసింది. రేడియో వెళ్లి మేకుకి వేలాడుతున్న దుప్పటి మూలలు తీసి, తన చేతుల్లోకి తీసుకుని, "పట్టు" అంది కొత్తమ్మాయితో. మేస్త్రీని అడగలేదు.

ఆ సాయంత్రం అతను బండి లేకుండా పైకి వెళ్లాడు. మెట్ల మీదుగా.

"ఏమిటయ్యా ఈ వేళప్పుడు?" అని మేనేజరు అలవాటుగా ఫ్లాస్కు దగ్గరకి లాక్కున్నాడు.

"పెద్దమ్మని తియ్యొద్దు సార్."

"కూర్చో."

"ఆమె పని నేను చేస్తా. నా పనికి అదనంగా. మీకు లెక్కలో తేడా రాదు."

"నువ్వు మేస్త్రీవయ్యా. నీకు మడతలేమిటి?"

"మేస్త్రీ పని ఇంకెవరికైనా ఇవ్వండి."

మేనేజరు కప్పు అతని ముందుకి జరిపాడు. "ఆవేశపడకు. నేనేమైనా కక్షగట్టి చేశానా? నువ్వే కదా చెప్పింది, మనిషిని బట్టి పని అని. పైవాళ్లు మనుషులెక్కువున్నారని చంపుతున్నారు. ఎవరిని తియ్యాలో తెలియక నేను తల పట్టుకుంటే నీ మాటే దారి చూపింది. కాగితం వెళ్లిపోయింది. ఇక నా చేతుల్లో లేదు."

మేస్త్రీ నిలబడే కప్పు అందుకున్నాడు. తాగాలనుకోలేదు, తాగాడు. చక్కెర సరిగ్గా సరిపోయింది. అందుకు ఆ టీ మీద అసహ్యం వేసింది.

"కింద ఏమంటున్నారు?" అన్నాడు మేనేజరు. ఎప్పుడూ అడిగే ప్రశ్నే. ఎప్పుడూ అడిగే గొంతే. ఇన్నాళ్లూ అది కుశలప్రశ్న అనుకున్నాడు.

"ఏమీ అనట్లేదు సార్," అని కప్పు కింద పెట్టాడు.

శనివారం పని అయ్యాక పెద్దమ్మ తువ్వాలు భుజాన వేసుకుంది. తడవకుండా ముందు కట్టుకున్న రబ్బరు గుడ్డకి వెనకున్న ముడి ఎడమచేత్తో విప్పుకోబోతే రాలేదు. మేస్త్రీ దగ్గరగా ఉన్నాడు. ముడి విప్పడానికి చెయ్యి చాపాడు. ఆమె కాస్త పక్కకి తిరిగి, వీపు కొత్తమ్మాయి వైపు పెట్టింది. ఆ పిల్ల విప్పింది.

"బాగా చదువుకో," అంది పెద్దమ్మ ఆమెతో. "ముసలాయన దగ్గు తగ్గిందేమో కనుక్కో."

రేడియో ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వెళ్లింది. నడిచినంతసేపూ ఆ రోజు రేడియో గొంతు వినపడలేదు. మెట్ల మొదట్లో పెద్దమ్మ ఆగి, మేస్త్రీ వైపు తిరిగింది.

"పైన టీ మాత్రం మానకురా అబ్బాయ్. మాట్లాడ్డానికి ఎవరో ఒకరు ఉండాలి కదా."

ఆ మాటని ఎలా తీసుకోవాలో అతనికి తెలియలేదు. ఆదివారమంతా తన ఇంట్లో దాన్నే ఎటు తిప్పినా పదును తగిలే కత్తిలా తిప్పి చూసుకున్నాడు. ఉతికి ఆరేసిన తన దుప్పటిని తీసి, మంచం కోడుకి ఒక కొస చుట్టి మడవబోయాడు. కుదరలేదు. ఉండలా చుట్టి పెట్టెలో కుక్కాడు.

సోమవారం పొద్దున మేస్త్రీ మెట్లు దిగుతున్నాడు. లోపలి నుంచి రోలరు రొద, దానిపైన రేడియో గొంతు, పొడుగు నవ్వు, అదేదో ప్రశ్న అడుగుతున్న కొత్తమ్మాయి గొంతు వినపడుతున్నాయి. పొడుగు అంత గట్టిగా నవ్వగలడని అతనికి తెలియదు. ఏ మాటకి నవ్వాడో విందామని అడుగు తొందరగా వేశాడు. ఆఖరి మెట్టు దిగి గడపలో కాలు పెట్టాడు.

గదిలో దుప్పటి ఒకటి ఫట్ మంది. వెంటనే ఇంకోసారి ఫట్ మంది.

మాటలన్నీ ఆగిపోయాయి. జతలు తలలు వంచుకుని మడతల్లో పడ్డాయి. పొడుగు డ్రమ్ములోకి ఒంగాడు. మేనేజరు వస్తున్నాడేమోనని మేస్త్రీ అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి మెట్ల వైపు చూశాడు. మెట్ల మీద ఎవరూ లేరు.

విదిలించింది ఎవరో తెలుసుకోవాలని అతను తల ఎత్తలేదు. గోడ పక్కన బుట్టలోంచి వేడి దుప్పటి ఒకటి తీసుకున్నాడు. మూలలు కలిపి మేకుకి తగిలించాడు. వెనక్కి వెనక్కి నడిచాడు. కొత్తమ్మాయి రేడియోకి ఎదురుగా నడుస్తూ ఒక్కక్షణం అతని వైపు చూసింది, ఆ ఆగి ఆగి చూసే చూపే. తర్వాత తన అంచు తను కలుపుకుంది.

బిగలాగేసరికి మేకు మీది మూలలు జారి నేల మీద పడ్డాయి. నేల తగిలిన దుప్పటిని తీసి పొడుగు దగ్గర ఉతుకు బుట్టలో వేసి, ఇంకోటి అందుకున్నాడు.